ఇంజిన్‌లో ఉడత

చలికాలమంతా, కరెంటుతోనూ పెట్రోలుతోనూ నడిచే నా ప్లగిన్ హైబ్రిడ్ కారులో చుక్క పెట్రోలు కాల్చనని స్నేహితురాళ్లతో పందెం కాశాను. హీటర్ వేస్తే ఇంజిన్ దానంతటదే లేస్తుంది కనుక, మా ఆయన మంకీ క్యాప్ పెట్టుకుని వణుకుతూనే తిరిగేదాన్ని.

ఒక ఉదయం అమెరికాలో మా అరోరా ఊరి చార్జింగ్ స్టేషన్‌లో, పనిచేస్తున్న ఒకే ఒక చార్జర్‌ని అప్పుడే నా కారుకు తగిలించాను. నేను ఫోన్‌లో తెలుగు మాట్లాడటం విని ఓ అమ్మాయి అద్దం తట్టింది.

“ఆంటీ, నాది ఫుల్ ఎలక్ట్రిక్. మూడు పర్సెంటే ఉంది, మధ్యాహ్నం ఇంటర్వ్యూ. మీకు పెట్రోల్ ఉంటుంది కదా, చార్జర్ నాకిస్తారా?”

“ఉందమ్మా. కానీ ఇంజిన్‌లో ఉడత పిల్లల్ని పెట్టింది. స్టార్ట్ చేస్తే పాపం.”

“అయ్యో, ఎన్ని పిల్లలు?”

“నాలుగు,” అన్నాను తడుముకోకుండా.

ఆ అమ్మాయి చేతులు చంకల్లో దాచుకుని మంచులో నిలబడింది. ఐదు నిమిషాలు చూశాను. దిగి, ప్లగ్ తీసి తన కారుకు పెట్టాను. తనను నా పక్కన కూర్చోబెట్టుకుని హీటర్ వేశాను. ఇంజిన్ గుర్రుమంది.

ఆ అమ్మాయి బ్యాగు తెరిచి ఐదు పల్లీ చిక్కీలు డాష్‌బోర్డు మీద పేర్చింది.

“తల్లికొకటి, పిల్లలకి నాలుగు ఆంటీ.”

పందెం ఎలా ఓడిపోయావని స్నేహితురాళ్లు ఇప్పటికీ అడుగుతారు. ఉడతలకు చలేసిందని చెబుతాను.