మైకు ముట్టని టీచరమ్మ

మా సైన్సు టీచరమ్మ పోయిందని నాకు వాట్సాప్‌లో తెలిసింది. పాత బడి పిల్లల గ్రూపులో ఎవరో పెట్టారు. "ప్రభువునందు నిద్రించారు. భూస్థాపన ఈ సాయంత్రం" అని, కింద ఆవిడ సొంతూరి పేరు. దాని కింద దండం పెట్టే చేతుల బొమ్మలు వరసగా ఉన్నాయి. ఒక్కరూ ఒక్క మాట రాయలేదు. బొమ్మ నొక్కడానికి ఎంతసేపు పడుతుంది? నొక్కేసి ఎవరి పనిలో వాళ్ళు పడ్డారు.

నేనప్పుడు రొయ్యల ప్లాంటులో మధ్యాహ్నం అన్నం దగ్గర ఉన్నాను. ఐసు నీళ్ళలో నాని మొద్దుబారిన వేళ్ళతో ఫోను పట్టుకుని చుట్టూ చూశాను. బెంచీల నిండా మనుషులే. ఆవిడ ఎవరో తెలిసినవాళ్ళు అందులో ఒక్కరూ లేరు. లేచి సూపర్‌వైజర్ దగ్గరికి వెళ్ళి, సెలవు కావాలన్నాను.

"ఎవులు పోనారు?"

"మా టీచరు."

"టీచరా? ఇప్పుడు సదువుతన్నావేటి నువ్వు?"

"లేదు. హైస్కూల్లో చెప్పింది."

"బాగుంది. టీచర్లు పోనా సెలవిచ్చేత్తే ప్లాంటుకి తాళమేసుకోవాల. సుట్టాలైతేనే సెలవు. నీ ట్రేలు అవ్వగొట్టి ఎల్లు."

నా పక్కన రొయ్యల తలలు తీసే అక్క మోచేత్తో పొడిచింది. "ఓసి పిచ్చి గుంటా, మేనత్తని సెప్పొచ్చు కదే. ఆడొచ్చి సూస్తాడేటి?"

చెప్పొచ్చు. చెప్పలేదు. ఆ మనిషి మీద ఇప్పటికే ఒక అబద్ధం ఉంది. రెండోది నా నోటితో వెయ్యలేను. ఆ మొదటి అబద్ధాన్ని పదిమందిలో అబద్ధమని చెప్పాలనే నేను ఆ సమాధి దగ్గరికి పోవాలనుకున్నాను. చెప్పడానికి ఇంకెవరూ రారని నాకు తెలుసు. చేతుల బొమ్మలు చూశాను కదా. అందుకని తిరిగి లోపలికి పోయి గ్లవుజులు తొడుక్కుని, తలలు తీస్తూ కూర్చున్నాను. ట్రే తరవాత ట్రే. లోపల ఎంత మండుతున్నా చేతులు చల్లగానే ఉంటాయి ఆ పనిలో.

మీకు ముందు మా రేడియో గురించి చెప్పాలి.

రేడియో అంటే పెద్దగా ఊహించుకోకండి. ఒక మైకు, ఒక ఆంప్లిఫయరు, బడి మేడ మీద ఒక హారను. అంతే. టీచరమ్మ వాళ్ళ చర్చిలో కొత్త స్పీకరు బాక్సులు పెట్టాక పాత హారను మూలన పడేశారట. దాన్ని అడిగి తెచ్చింది. బస్సు పైన వేయించుకుని, తనూ ఆ బస్సులోనే వచ్చింది. హారను బడి గేటు దగ్గర దిగిందో లేదో ఊళ్ళో పెద్ద రైతు ఒకాయన వచ్చి నిలబడ్డాడు.

"ఏటమ్మ, మీ దేవుడి పాటలేత్తారేటి ఇందులో?"

"మా దేవుడివీ ఎయ్యం, మీ దేవుడివీ ఎయ్యం బావు. పిల్లలు మాటాడతారు."

"గుంటలేటి మాటాడతారు?"

"అదే నానూ ఇందామనుకుంతన్నాను" అంది ఆవిడ.

మొదటి రోజు మైకు ముందు నిలబడ్డవాడు స్వాగతం రాసుకున్న కాగితాన్ని తరగతిలో మరిచిపోయి వచ్చాడు. జేబులు తడుముకుని, చివరికి, "మా మేక కనపడ్డం నేదు. నల్లది. ఓ సెవి తెగిపోయుంటాది. ఎవులైనా సూస్తే కట్టేయండి" అన్నాడు. మేం నవ్వి చచ్చాం. సాయంత్రానికి మేక బడి గేటుకి కట్టేసి ఉంది. ఆ మర్నాటి నుంచి మధ్యాహ్నం బెల్లు కాగానే ఊరు చెవి ఇటు పెట్టడం మొదలుపెట్టింది.

హారను మేం మొదట తరగతి గదుల వైపు తిప్పి కట్టాం. టీచరమ్మ కింద నిలబడి చూసి, పొలాల వైపు తిప్పమంది. "లోపలున్నోలకి రేడియో ఏటికే? ఆలకి బల్లుంది, నల్లబల్లుంది, నానున్నాను. బయటున్నోలకి కావాల" అంది. బయటున్నవాళ్ళంటే మాలో సగంమంది అక్కలూ అన్నలూ. ఊడుపుల్లో, ఇటుకల బట్టీల్లో, జీడితోటల్లో ఉన్నవాళ్ళు. తరవాత నేనూ వాళ్ళలోనే కలిశాను.

రేడియో నడిపే పని మొత్తం మాది. ఎవరు మాట్లాడాలి, ఏం మాట్లాడాలి, స్విచ్చి దగ్గర ఎవరుండాలి, అన్నీ మేమే కొట్టుకుని తేల్చుకునేవాళ్ళం. టీచరమ్మ ఒక్క రోజు కూడా మైకు ముందుకి రాలేదు. స్విచ్చి మీద వేలు పెట్టలేదు. రేడియో గది బయట వరండాలో స్టూలు వేసుకుని, తాడు కట్టిన కళ్ళజోడు పెట్టుకుని, ఎర్ర పెన్నుతో మా నోట్సులు దిద్దుతూ వినేది. మేం తప్పు చెప్పినా లోపలికి వచ్చేది కాదు. "నోరు మీది. ఏలు మీది. తప్పూ మీదే. రేపు ఆ మైకులోనే సెప్పుకోండి, నిన్న తప్పు సెప్పినామని." అది మా రేడియో రూలు. ప్రతి రోజూ మొదటి మాట నిన్నటి తప్పే.

మేం బాగా చెప్పినా మెచ్చుకునేది కాదు. కానీ ఒకటుంది. నిజంగా బాగుంటే దిద్దడం ఆపి పెన్నుకి మూత పెట్టేది. మైకు ముందున్నవాళ్ళు మాట్లాడుతూనే కిటికీలోంచి ఆ మూత కోసం చూసేవాళ్ళు.

నేను మొదటిసారి మాట్లాడిన రోజు పుస్తకంలో ఉన్నట్టు నొక్కి నొక్కి పలికాను. పట్నం టీవీలో పిల్లలా. గొంతు వణికింది. బయటికొచ్చాక ఆవిడ తలెత్తకుండానే అడిగింది.

"ఎవులే అది, లోపల మాటాడింది?"

"నేనే టీచర్."

"నువ్వు కాదు. ఎవులో టీవీ గుంట. నీలాగ మాటాడు. పుస్తకం మాట పరీచ్చకి, మీ అమ్మ మాట మైకుకి. గొంతు వొణికితే వొణకనీ, ఆపకు."

మా యాసని సినిమాల్లో నవ్వులాటకే పెడతారు. మా ఊరి నుంచి పట్నం పోయినవాళ్ళు ముందు దాన్నే దాచుకుంటారు. ఆ మాటని హారనులో పెట్టి, ఇది పాఠం చెప్పే మాట అన్న మనిషిని నేను ఆవిడనొక్కదాన్నే చూశాను.

మరుసటి వారం గుండె పాఠం నాకొచ్చింది. గుండె అంటే నాలుగు గదుల ఇల్లనీ, చెడ్డ నెత్తురు ఒక గుమ్మంలోంచి వస్తే మంచి నెత్తురు ఇంకో గుమ్మంలోంచి పోతుందనీ, మధ్య తలుపులు ఒకవైపే తెరుచుకుంటాయనీ మా అమ్మకి చెప్పినట్టు చెప్పాను. మూత పడింది. అంతే కాదు, మర్నాడు ఒక ముసలాయన కర్ర పట్టుకుని బడికొచ్చాడు. "నిన్న గుండె సెప్పిన గుంట ఎవులు? నాకు మెట్లెక్కితే ఆయాసమొస్తంది. ఏ గది పాడైపోనాదో సూడమను" అన్నాడు. టీచరమ్మ నవ్వలేదు. ఆయన్ని కూర్చోబెట్టి మంచినీళ్ళిచ్చి, ఆ ఆదివారం తనే బస్సెక్కించి పెద్దాసుపత్రికి తీసుకెళ్ళింది.

ఇప్పుడు గుడ్ల రోజు సంగతి.

మధ్యాహ్న భోజనంలో గుడ్డు పెట్టే రోజు మా బడి వేరేగా ఉండేది. బెల్లు కాకముందే కాళ్ళు ఆగేవి కావు. అలాంటి రోజున స్విచ్చి దగ్గర ఏడో తరగతి పిల్ల ఉంది. కార్యక్రమం అయిందో లేదో పళ్ళెం పట్టుకుని పరిగెత్తింది. స్విచ్చి ఆపలేదు. ఖాళీ గది కదా అని మా హెడ్మాస్టరు వంట మనిషిని అందులోకి పిలిచి తలుపు వేశాడు. తరవాతి మాటలు ఊరంతా విన్నది.

"ఈ వారం గుడ్లు సగం సగం కోసి పెట్టు. మిగిలినవి మా ఇంటికి పంపు."

"పిల్లలడిగితేనండి?"

"అడిగినోడికి ఆ సగమూ లేదని చెప్పు."

ఊడుపుల్లో ఉన్న ఆడవాళ్ళు మోకాళ్ళ దాకా బురదతో అలాగే బడికొచ్చారు. ముందున్నామె నడుం మీద చెయ్యేసుకుని అడిగింది. "ఏటయ్యా, సగం గుడ్డు ఏ కోడి పెడతాది? ఆ కోడిని మాకూ సూపించు." హెడ్మాస్టరు వెనక గుమ్మంలోంచి జారుకున్నాడు.

కానీ పెద్దమనుషులు ముందు గుమ్మంలోంచి మళ్ళీ వస్తారు. పైనుంచి విచారణకి వచ్చినవాళ్ళు గుడ్ల గురించి తక్కువ అడిగారు. మైకు ఎవరు ఆన్‌లో ఉంచారని ఎక్కువ అడిగారు. ఎవరో కావాలనే ఊరిని రెచ్చగొట్టారన్నారు. పిల్లలందరినీ వరండాలో వరసగా నిలబెట్టారు. ఏడో తరగతి పిల్ల నా ముందే ఉంది. దాని జడ వణుకుతోంది. అప్పుడు టీచరమ్మ స్టూలు మీద నుంచి లేచి, "నేనే అండి. ఆపడం మరిచిపోయాను" అంది. ఒక్క రోజూ ఆ స్విచ్చి ముట్టని మనిషి.

ఆవిడని కొండల్లో ఒక బడికి మార్చారు. హారను దింపేశారు. హెడ్మాస్టరుకి ఏమీ కాలేదు, ఇంకో బడికి హెడ్మాస్టరుగానే పోయాడు. మర్నాడు మొదటి మాటగా చెప్పుకోవాల్సిన తప్పు మిగిలిపోయింది. చెప్పడానికి మైకు లేదు. టీచరమ్మ నిర్లక్ష్యం వల్ల రేడియో పోయిందనే మాట ఊళ్ళో స్థిరపడిపోయింది.

తరవాత నేను పది తప్పాను, ప్లాంటు బస్సెక్కాను. ఆవిడ ఆదివారం చర్చి అయ్యాక ఫోను చేసేది. "ఈ వారం ఏటి సదివినావే?" అని మొదలు. పుస్తకాల పేర్లు చెప్పేది. పట్నం లైబ్రరీకి పోయి వెతికి తెచ్చుకునేదాన్ని. ఈ నాలుగు ముక్కలు రాయడం అలా వచ్చింది నాకు. ఆవిడ పెళ్ళి చేసుకోలేదు. రిటైరయ్యాక కూడా ఆ కొండల ఊళ్ళోనే ఒక గదిలో ఉండిపోయింది. ఫోనులో ఎప్పుడూ వెనకాల ఏ మనిషి గొంతూ వినపడేది కాదు. ఒకసారి కోపంగా అడిగాను, ఎందుకు అలా చెప్పారని.

"ఆ గుంట పేరు సెప్తే ఆలింట్లో బడి మానిపించేద్దురు. నాకేటి, ఇంకో బడుంటాది."

"మరి నిజం?"

"నీకు తెలుసు కదే" అంది.

నాకు తెలిస్తే ఏం లాభం? ఆ పిల్ల ఇప్పుడు ఎక్కడో నర్సు. గ్రూపులో దానిదీ ఒక చేతుల బొమ్మ ఉంది. దాన్ని తిట్టను, అది చిన్నపిల్ల. మిగిలినవాళ్ళని తిడతాను. మైకు ముందు నిలబడి ఊరికి పాఠాలు చెప్పినవాళ్ళు, ఒక్క నిజం చెప్పడానికి బస్సెక్కలేరా?

ట్రేలు అయ్యేసరికి నాలుగు కావస్తోంది. హైవే మీద బస్సు పట్టుకుని, దిగి ఆటో ఎక్కి, ఆవిడ సొంతూరి సమాధుల తోటకి చేరేసరికి అంతా అయిపోయింది. మట్టి పోసేశారు. పూలదండలు పైన ఉన్నాయి. షామియానా వాళ్ళు కుర్చీలు వ్యానులోకి ఎక్కిస్తున్నారు. ఒక్క కుర్చీ మాత్రం వదిలేశారు. అందులో ఒక ముసలామె కూర్చుని ఉంది, టీచరమ్మ ముక్కే, టీచరమ్మ నుదురే. ఆవిడ అక్క. నేను ఒక గుప్పెడు మట్టి తీసి పోసి, ఏం చెయ్యాలో తెలియక నిలబడ్డాను.

"ఎవులమ్మా నువ్వు?"

"టీచరమ్మ బడి పిల్లని."

"ఏటి? సెవుడు నాకు. గట్టిగా సెప్పు."

"టీచరమ్మ బడి పిల్లని! రేడియోలో మాట్లాడేదాన్ని!"

ఆమె నా చెయ్యి పట్టుకుంది. "ఇందాక ఓ పెద్దాయన మాటాడినాడు. మా సెల్లి మైకు ఆపడం మర్సిపోయి కొండలకెల్లిపోనాదని సెప్పినాడట. అందరూ నవ్వినారు. దేనికి నవ్వుతన్నారని అడిగితే నా మనవడు సెవిలో సెప్పినాడు. అది గదిలో లైటు కూడా మర్సిపోయే మనిసి కాదే. నిజమేటి?"

"కాదు" అన్నాను. వినపడలేదు. చెవి దగ్గరికి వంగి చెప్పాను. ఇంకా వినపడలేదని తల అడ్డంగా ఊపింది. అప్పుడు నా నోరు ఆమెకి కనపడేలా రెండడుగులు వెనక్కి వేసి, గొంతెత్తి, పాత హారను బస్సు మీద వచ్చిన దగ్గర నుంచి మొదలుపెట్టాను. అరిచి చెప్పాను. గొంతు వణికింది, ఆపలేదు.

తోట పక్కన సరుగుడు చెట్లు కొడుతున్నారు. ముందు ఒక గొడ్డలి చప్పుడు ఆగింది. కాసేపటికి రెండోది ఆగింది. ఒకాయన తువ్వాలుతో మొహం తుడుచుకుంటూ కంచె దాకా వచ్చి నిలబడ్డాడు. అతని వెనక మోపులు కట్టే ఆడవాళ్ళు తాళ్ళు చేతుల్లో పట్టుకుని అలాగే ఉండిపోయారు. వ్యాను దగ్గర కుర్చీలు మోసే కుర్రాడు ఇటు తిరిగాడు. నేను గుడ్ల రోజు దాకా వచ్చాను. పెద్దామె చెవి వెనక అరచెయ్యి పెట్టుకుని, నా నోటి మీంచి కళ్ళు తియ్యకుండా, "ఊఁ, తరవాతేటి?" అంది.