ఒక్కడి కారు

నేను జమ్మలమడుగు బడిలో సైన్సు అయ్యవారిని. ఇల్లు ప్రొద్దుటూరులో. రోజూ కార్లో ఒక్కడినే పోయి ఒక్కడినే వచ్చేవాణ్ణి. పక్క సీట్లో నా టిఫిను క్యారియరు దర్జాగా కూర్చుని వచ్చేది.

ఇంధన పొదుపు గురించి బడిలో సభ పెడితే ప్రసంగం నాదే. "ఒక మనిషికి ఒక కారెందుకు? బస్సెక్కండి, లేదంటే నలుగురు కలిసి పోండి" అని పిల్లల ముందు గొంతు చించుకున్నాను. చప్పట్లు బాగానే పడ్డాయి. చెప్పేవి శ్రీరంగ నీతులని ఊరికే అన్నారా!

ఆ సాయంత్రం హిందీ టీచరమ్మ నా దగ్గరికొచ్చింది. ఆమెకు మోకాళ్ల నొప్పులు. బస్సులో నిలబడి వచ్చిన రోజు బడి మెట్లెక్కడానికి గోడ పట్టుకునేది.

"సార్, మేం ముగ్గురు టీచర్లం ప్రొద్దుటూరు నుంచే వస్తాండాం గదా. మీ కార్లో వస్తే ఏమన్నా ఇబ్బందా? డీజిలు తలా ఇంత ఏసుకుంటాం" అంది.

ఆ మాట నేను చెప్పిందే. కానీ మా ఇళ్లల్లో ఒక పట్టింపుంది. మన కారులోంచి పరాయివాళ్లు దిగితే "భూములన్నీ పాయనేమో, కారు బాడుగకు తిప్పుతాండాడు" అంటారని భయం. మా నాయన ఆ భయంతోనే బతికాడు, నాకూ అంటించిపోయాడు.

"లేదమ్మా, పొద్దున్నే పులివెందుల దగ్గర చీనీ తోట చూసుకోని అట్నుంచటే బడికి వస్తాండా" అన్నాను. బత్తాయి తోట ఉన్నమాట నిజమే. నెలకొకసారి పోతే గొప్ప.

"అయ్యో, దినామూ అంత దూరం తిరుగుతాండారా సార్!" అని ఆమె నామీదే జాలిపడింది.

ఆ మరుసటి రోజు నుంచి ఆమె కంట పడకుండా బస్టాండు దారి వదిలేసి ఊరి చుట్టూ తిరిగి పోయేవాణ్ణి. పొదుపు చెప్పిన నోటితోనే రోజూ ఇంకాస్త డీజిలు తగలేశాను. సిగ్గులేని బతుకు.

నెల తర్వాత కారు షెడ్డుకు చేరింది. గత్యంతరం లేక ప్రొద్దుటూరులో బస్సెక్కాను. లోపల కిక్కిరిసి ఉంది. మధ్య సీట్లో ఆమె కనిపించింది. నేను మొహం తిప్పుకునేలోపే లేచి నిలబడింది.

"ఈడ కూర్చోండి సార్. మీకు అలవాటుండదు."

వద్దన్నాను. ఆమె వినలేదు. వెనకాయన "కూసోప్పా, దారికడ్డం" అని విసుక్కున్నాడు. కూర్చున్నాను. తోట సంగతి ఆమె అడగలేదు. తన సంచి మాత్రం నా ఒళ్లో పెట్టి పైకడ్డీ పట్టుకుంది.

బస్సు గతుకులో పడినప్పుడల్లా ఒక కాలి మీది బరువు ఇంకో కాలి మీదికి మార్చుకుంటోంది. లేచి సీటు ఇచ్చేయొచ్చు. కానీ లేస్తే ఆమె మొహంలోకి చూడాలి. జమ్మలమడుగు వచ్చేదాకా తల దించుకుని కూర్చునే ఉన్నాను.