మూత మీద తువ్వాలు

మా మేనత్తను పేరు పెట్టి పిలిచేవాళ్లు తక్కువ. ట్యాంకర్ల షెడ్డులో ఆమె అందరికీ ఆవిరక్క. ఇంట్లో నాకు ఆవిరత్త. మనిషి కూడా పేరుకు తగ్గట్టే ఉండేది. దగ్గరికెళితే వేడి తగిలేది, ఓదారుద్దామంటే చేతికి దొరికేది కాదు.

వంటనూనె మోసే ట్యాంకర్లను లోపల కడగడం ఆమె పని. నూనె దించేసిన ట్యాంకరు గోడలకు జిడ్డు పేరుకుని ఉంటుంది. అది మామూలు నీళ్లకు లొంగదు. బాయిలర్ నుంచి లావుపాటి గొట్టం లాగి, పైమూతలోంచి లోపలికి ఆవిరి వదలాలి. జిడ్డంతా కరిగి కింది గొట్టంలోంచి కారిపోవాలి. అంత చేశాక కూడా అత్త ఒప్పుకునేది కాదు. చల్లారాక మూతలోంచి తల దూర్చి వాసన చూసేది.

"పాత నూనె ఇంకా ఏడుస్తోంది. మళ్లీ పట్టండి."

"ఇందులో నూనె పోస్తారక్కా, నిన్నేం కాపురానికి పంపడం లేదు" అన్నాడట ఒక డ్రైవరు.

"పంపినా నీ ఇంటికంటే శుభ్రంగానే ఉంటుందిరా."

పెళ్లి మాట ఎత్తితే బాయిలర్ వైపు చూపించేది. "దానితో కాపురం చేస్తున్నాగా. అది బుస కొడుతుంది, నేనూ కొడతాను. సరిపోయింది." ఆ బుస వినీ వినీ ఆమె చెవులు దాదాపు పోయాయి. ఎదుటివాళ్ల పెదాలు చూసి మాట పట్టుకోవడం అలవాటు చేసుకుంది.

మా నాన్న ఆమెకు ఒక్కడే తమ్ముడు. షెడ్డులో పని ఇప్పించిందీ, స్టీరింగ్ పట్టుకునేదాకా వెంటపడిందీ ఆమే. నాన్న మంచి డ్రైవరే కానీ, నలుగురిలో నోరు పెగలదు. నేల చూస్తూ మీసంలో మాట్లాడతాడు.

ఆ షెడ్డులో ఆమె పెట్టిన పద్ధతి ఒకటుండేది. ఆవిరి పట్టడం అయ్యాక పైమూత తెరిచే ఉంచాలి, ట్యాంకరు పూర్తిగా చల్లారేదాకా ఎవరూ దాన్ని కదపకూడదు. గుర్తుగా తన భుజం మీది ఎర్ర తువ్వాలు తీసి మూత పిడికి కట్టేది. చల్లారిందని నమ్మకం కుదిరాక తనే ఎక్కి విప్పేది. యజమాని రాయించిన బోర్డుల్ని లెక్కచేయనివాళ్లు కూడా ఆ తువ్వాలు జోలికి పోయేవారు కాదు. ఎందుకని అడిగితే మాత్రం ఆమె దగ్గర ఒకటే జవాబు.

"ముట్టుకుంటే చేతులు విరగ్గొడతా."

చేతులు కాలతాయని కాబోలు అని అందరూ తమకు తోచిన అర్థం చెప్పుకున్నారు. నాన్నా అంతే అనుకున్నాడు.

ఆ ఏడాది యజమాని పక్క స్థలంలో పెద్ద షెడ్డు కట్టించడం మొదలుపెట్టాడు. అది పూర్తయ్యాక అక్కడ పనివాళ్ల మీద మేస్త్రీ ఆవిరక్కేనని అందరి ముందూ చెప్పాడు. అత్త జీవితంలో ఏదైనా కావాలనుకుందంటే అది అదొక్కటే. ఇంకా కప్పు కూడా పడలేదు, ఆమె వెళ్లి బాయిలర్ ఇక్కడ, కాలువ ఇక్కడ అని సుద్దముక్కతో నేలంతా గీతలు గీసి వచ్చింది.

"మేస్త్రీవయ్యాక కూడా మమ్మల్ని తిడతావా అక్కా?"

"ఇప్పుడు ఊరికే తిడుతున్నాన్రా. అప్పుడు జీతం తీసుకుని తిడతా."

కొత్త షెడ్డుకు రేకులు దిగిన వారంలోనే అది జరిగింది. ఆ రోజు ఆమెకు ఒళ్లు కాలిపోతోంది. ఇంటికి పొమ్మంటే పోలేదు. ఆరుబయట నిలబెట్టిన ట్యాంకరుకు ఆవిరి పట్టింది, మూత తెరిచి తువ్వాలు కట్టింది, బాయిలర్ గదిలోకి వెళ్లి గోడకు ఆనుకుని కూర్చుంది. అది నాన్న నడిపే ట్యాంకరే. పొద్దున్నే లోడు ఎత్తాలి.

ఉన్నట్టుండి వాన దిగింది. నాన్న పరిగెత్తుకొచ్చి చూస్తే తెరిచిన మూతలోంచి వాన నీళ్లు లోపలికి పడుతున్నాయి. తడి ఉన్న ట్యాంకులో నూనె పోయరు. అంటే అక్క ఈ జ్వరంలో లేచి మళ్లీ మొదట్నించీ కడగాలి. గబగబా పైకెక్కాడు. తువ్వాలు తడిసి ముద్దయింది. మూత అంచు మీద చెయ్యి పెట్టి చూశాడు. వానకు గోరువెచ్చగా ఉందంతే. చెయ్యి కాలడం లేదు కాబట్టి చల్లారినట్టే అనుకున్నాడు. తువ్వాలు విప్పి మూత వేశాడు. బోల్టులన్నీ ఒక్కటి కూడా వదలకుండా బిగించాడు. అది కూడా అక్క నేర్పిన అలవాటే. కిందికి దిగాడు. బురద చిందుతోందని కింది గొట్టానికీ మూత బిగించాడు. గాలి పీల్చే చిన్న వాల్వు ఒకటుంటుంది, దాన్ని కడగడానికి విప్పి ఆ రంధ్రానికి ఎప్పట్లాగే బిరడా కొట్టారు. ఇక ట్యాంకుకు ఊపిరాడే దారి ఒక్కటీ మిగల్లేదు.

బాయిలర్ గదిలో అక్క కునుకు తీస్తోంది. నాన్న తువ్వాలు పిండి, ఆమె లేచేసరికి వెచ్చగా ఉంటుందని వేడి గొట్టం మీద ఆరేశాడు. జ్వరం మాత్ర కోసం వీధి చివర కొట్టుకు వెళ్లాడు.

ముందు ఎవరో రేకును పిడికిలితో కొట్టినట్టు టక్‌మని వినపడిందట. కాసేపాగి ఇంకోటి. ఆ తర్వాత పిడుగే పడిందనుకున్నారు అందరూ. అత్తకు చప్పుడు వినపడలేదు, కాళ్ల కింద నేల అదిరితే మెలకువ వచ్చింది. బయట ట్యాంకరు నడుం విరిగి ఉంది. ఇనుప పలక పలకంతా లోపలికి ముడుచుకుపోయింది, తాగేసి పిడికిట్లో నలిపిన కాగితం గ్లాసులా. దాన్ని ఎవరూ గుద్దలేదు, దేనికీ తగల్లేదు. ఉన్నచోటనే నలిగిపోయింది.

యజమాని గొడుగు కూడా లేకుండా వచ్చాడు.

"ఎవరు మూశారు? మూత ఎవరు మూశారో చెప్పండి!"

నాన్న అప్పుడే మాత్ర తీసుకుని గేటు దాటి లోపలికి వచ్చాడు. అడిగింది విన్నాడు. నోరు తెరిచాడట. ఈలోపు అత్త బాయిలర్ గదిలోంచి వచ్చింది, చేతిలో తువ్వాలు. యజమాని పెదాలు చూసింది.

"నేనే" అంది.

"తువ్వాలు కట్టేది నువ్వే, మూసేది నువ్వేనా?"

"జ్వరంలో తెలియలేదు. వాన పడుతోందని మూసేశా."

"నీకే తెలియకపోతే ఇక మిగతావాళ్ల మాటేంటమ్మా?" అని ఆయన తిరిగి వెళ్లిపోయాడు. కోప్పడలేదు. కోప్పడితే బాగుండేదని నాన్న అంటాడు.

కొత్త షెడ్డుకు మేస్త్రీగా వేరేవాణ్ణి తెచ్చారు. అత్త సుద్దతో గీసిన గీతల మీద సిమెంటు పోశారు. ఆమెను గేటు దగ్గర టైర్లు కడిగే పనికి మార్చారు. కొన్నాళ్లు కడిగింది. ఒకరోజు నీళ్ల గొట్టం చుట్ట చుట్టి మేకుకు తగిలించి, ఎవరికీ చెప్పకుండా ఇంటికి వచ్చేసింది. తర్వాత ఒక సందులో ఇస్త్రీ కొట్టు పెట్టుకుంది. నాన్న ఆ కొట్టు ముందు నుంచి ఎన్నోసార్లు వెళ్లాడు. ఆగేవాడు, బాగున్నావా అనేవాడు, వచ్చేసేవాడు.

ఇదంతా నాకు తెలిసింది ఈ మధ్యనే. పాత షెడ్డు పడగొడుతున్నారంటే చూడ్డానికి నాన్నను బండి మీద తీసుకెళ్లాను. జేసీబీ బాయిలర్ గది గోడను తోస్తుంటే, మూత మూసింది తనేనని అక్కడే నిలబడి చెప్పాడు.

"మరి అప్పుడు చెప్పలేదేం?"

"చెబుదామనే అనుకున్నాను. అక్క 'నేనే' అనేసింది. ఇక..."

"ఇక నీకు హాయి."

ఆయన్ను పిరికివాడన్నాను, మొహం మీదే. తప్పని ఇప్పుడూ అనుకోవడం లేదు.

మర్నాడు అత్త దగ్గరికెళ్లాను. ఆ ట్యాంకరు ఎలా నలిగిందో చెప్పమని అడిగాను, మొహానికి దగ్గరగా వెళ్లి గట్టిగా.

"అరవకు. నీ పెదాలు కనిపిస్తున్నాయి" అంది. కాసేపు నన్ను చూసి, మూలనున్న ఖాళీ నూనె డబ్బా తీసింది. అడుగున కొంచెం నీళ్లు పోసి, మూత తీసే ఉంచి, బొగ్గుల కుంపటి మీద పెట్టింది. మూతిలోంచి ఆవిరి ధారగా వచ్చేదాకా ఆగింది. దింపి మూత బిగించింది.

"ఇప్పుడు లోపల ఏముంది?"

"గాలి."

"గాలిని ఆవిరి ఎప్పుడో తరిమేసింది. ఉన్నదంతా ఆవిరే. అది చల్లారితే ఎంతవుతుంది? గుక్కెడు నీళ్లు. మిగతాదంతా ఏమీ లేనితనం." చెంబుతో చన్నీళ్లు తీసుకుంది. "మన చుట్టూ ఉన్న గాలి ఊరికే ఉండదురా, అన్ని వైపుల నుంచీ నొక్కుతూనే ఉంటుంది. లోపలి గాలి ఎదురు తోస్తుంది కాబట్టి ఏ డబ్బాకీ తెలియదు. లోపల తోసేవాడు లేకపోతే..."

చెంబు వంచింది. డబ్బా టక్కుమంది, కిర్రుమంది, మా కళ్ల ముందే పక్కలు పీక్కుపోయి ముడుచుకుపోయింది.

అత్త దాన్ని చేతిలోకి తీసుకుని అటూ ఇటూ తిప్పింది. "ఇంతే. ఒక్క డబ్బా ఖర్చు. మీ నాన్నకి ఆనాడే ఇది చూపించి ఉంటే అయిపోయేది. చేతులు విరగ్గొడతానన్నానే కానీ, ఎందుకో చెప్పానా? నాకు తెలుసన్న పొగరు. అందరూ భయపడుతుంటే బాగుండేది. అందుకే 'నేనే మూశా' అన్నాను. అబద్ధం కాదది."

నాకు కాసేపు అర్థం కాలేదు. "నాన్న మూశాడని నీకు తెలుసా?"

"లేచేసరికి తువ్వాలు గొట్టం మీద ఆరేసి ఉంది. నా తువ్వాలు ఆరేసేవాడు వాడు కాక ఎవడున్నాడురా నాకు?"

"మరి నాన్న చెప్పుకోవాలని ఎన్నిసార్లు ఇక్కడికి..."

"వస్తాడు. నేల చూస్తూ మీసంలో ఏదో అంటాడు. నాకేం వినపడుతుంది? తల ఎత్తితే కదా పెదాలు కనిపించేది." ఇస్త్రీ పెట్టెలో బొగ్గులు ఊదుకుంది. "నేను అడగను. అడిగి చెప్పించుకుంటే ఏముంది?"

ఇంటికెళ్లి అంతా నాన్నకు చెప్పేశాను. ఆయన రెండు రోజులు అన్నం సరిగ్గా తినలేదు. ఆ తర్వాతి ఆదివారం బండి తియ్యమన్నాడు.

కొట్టు ముందు ఇద్దరు బట్టల కోసం నిలబడి ఉన్నారు. అత్త ఒక తెల్లచొక్కా కాలరు నొక్కుతోంది. నాన్న తల ఎత్తాడు. మీసం పక్కకు తోసి, సందు చివరికి వినపడేంత గట్టిగా అరిచాడు.

"మూత మూసింది నేనే అక్కా!"

కిటికీల్లోంచి జనం చూశారు. నిలబడ్డవాళ్లలో ఒకాయన కంగారుగా అడిగాడు. "ఏ మూత? ఏమైంది? ఎవరికైనా దెబ్బ తగిలిందా?"

చెప్పాల్సింది వీళ్లకు కాదు. యజమాని పోయి చాలా కాలమైంది. డ్రైవర్లు తలో దిక్కూ వెళ్లిపోయారు. ఆ మాట వినాల్సిన గోడలు కూడా పడిపోయాయి.

"పాత సంగతిలెండి" అంది అత్త ఆయనతో. తర్వాత తమ్ముడి వైపు చూసింది. "ఆ రోజు ఒక్కసారి ఇలా తల ఎత్తి ఉంటే చాలు కదరా. నువ్వు చెప్పబోయినా నేనే నోరు మూయించేదాన్ని. నువ్వు తల ఎత్తుతావా లేదా అని చూడాలనుకున్నానంతే."

నాన్న మళ్లీ తల దించేశాడు. నేలకేసి ఏదో అన్నాడు.

"ఏమన్నాడ్రా?" అని నన్నడిగింది.

"కొత్త షెడ్డు నీదే కావాల్సిందంటున్నాడు."

"ఆ" అంది అత్త. సందు చివరికి చూస్తూ ఉండిపోయింది. కాలిన వాసన నాకే ముందు తగిలింది. ఆమె ఇస్త్రీ పెట్టె తీసేసరికి, తెల్లచొక్కా మీద దాని అచ్చు గోధుమరంగులో పడి ఉంది.