గట్టు తెగిన పాట

పదవీ విరమణకు సరిగ్గా ఏడాది ముందు, జూన్ మొదటి వారంలో, ‘తీరగాలి’ అనే బృందం తొలి ఆల్బం పని నాకు అప్పగించారు. అప్పటికి నేను నెల్లూరులో ఒక ప్రైవేటు రికార్డింగు స్టూడియోలో సీనియర్ సౌండ్ ఇంజినీరుని. మాకు ఎక్కువగా భక్తి పాటలు, ఎన్నికల పాటలు, రొయ్యల మేత ప్రకటనలు వచ్చేవి. పల్లె పాటలకు ఎలక్ట్రిక్ గిటారు, డ్రమ్స్ జోడించి పాడేవాళ్లు రావడం అదే మొదలు.

బృందానికి పెద్ద మస్తాన్. గిటారు వాయిస్తాడు. వాళ్ల నాన్నకు బట్టల కొట్టు ఉంది. ప్రధాన గాయని హిమబిందు దొరవారిసత్రం దగ్గర రైతు కుటుంబం అమ్మాయి. డ్రమ్స్ ఒకరు, డప్పు ఒకరు. అందరూ ముప్పై ఏళ్ల లోపువాళ్లే. నాలుగేళ్లుగా కాలేజీ వేడుకల్లో, పెళ్లి రిసెప్షన్లలో పాడుతున్నారు. సొంత ఆల్బం లేనిదే పెద్ద ఊళ్లలో ఎవరూ పిలవడం లేదని మస్తాన్ మొదటి రోజే చెప్పాడు. అతను కుర్చీలో ఐదు నిమిషాలు కుదురుగా కూర్చోగా నేను చూడలేదు.

ఎనిమిది పాటలు. ఒక్కో వాయిద్యాన్నీ విడివిడి ట్రాకుల్లో రికార్డు చేసి, తర్వాత వాటి పాళ్లు సరిచూసి కలపడం మిక్సింగు. అదయ్యాక డిస్ట్రిబ్యూటరుకు, అంటే పాటల్ని ఫోన్లలోని మ్యూజిక్ యాప్‌లకు చేర్చే సంస్థకు, ఆడియోతో పాటు ఒక ఫారం పంపాలి. పాటపాటకూ రచయిత ఎవరో, బాణీ ఎవరిదో అందులో రాయాలి. విడుదల తేదీ ఖాయమయ్యాక చిన్న మార్పు కావాలన్నా మొత్తం వెనక్కి తీసుకుని మళ్లీ మొదటినుంచీ పంపాల్సిందే.

ఆ ఫారం నింపే పని నాది. ఐదో పాట ‘గుట్టు తెలిసినాదే’. హిమబిందు చిన్నప్పుడు వాళ్ల మామయ్య పొలంలో నాట్లు వేసే ఆడవాళ్ల నోట విని గుర్తుపెట్టుకున్న పాట. మస్తాన్ దాన్ని హుషారైన ప్రేమపాటగా మలిచాడు. వాళ్ల కార్యక్రమాల్లో జనం లేచి గంతులేసేది ఆ పాటకే. రచయిత గడిలో ‘సంప్రదాయం’ అని టైపు చేసి పంపేశాను. ఎవరినీ అడగలేదు. ముప్పై ఏళ్లుగా జానపదం ఏది వచ్చినా అలాగే రాస్తూ వచ్చాను.

విడుదలకు రెండు వారాల ముందు తోటపల్లి గూడూరులో, బడి ఆవరణలో సాయంత్రం కార్యక్రమం పెట్టుకున్నారు. దాన్ని ప్రచార వీడియో కోసం రికార్డు చేయడానికి నేనూ వెళ్లాను. చప్పట్లు, ఈలలు సహజంగా వినపడాలంటే వేదిక ముందు జనం వైపు తిప్పి రెండు మైకులు పెడతాం. ఐదో పాట పల్లవి రాగానే ముందు వరసలోని నడివయసు ఆడవాళ్లు ఒకరినొకరు చూసుకుని నవ్వారు. ఆనందంతో నవ్వారనుకున్నాను.

మర్నాడు స్టూడియోలో మిగతావన్నీ ఆపి జనం వైపు మైకులు మాత్రమే విన్నాను. చప్పట్ల మధ్య ఒకామె గొంతు. బృందం కంటే కాస్త వెనకగా, తన తీరులో తాను పాడుతోంది. ఆమె అంటున్నది ‘గుట్టు తెలిసినాదే’ కాదు. ‘గట్టు తెగినాదే.’

హెడ్‌ఫోన్స్ తీసి వరండాలోకి వెళ్లాను. మళ్లీ వచ్చి విన్నాను. ఆ పూట ఇంకే పనీ చేయలేకపోయాను.

సాయంత్రం మస్తాన్‌కు, హిమబిందుకు వినిపించాను. మస్తాన్ గది ఈ చివర నుంచి ఆ చివరికి తిరుగుతూ, “జానపదం గదా సార్, ఊరికొక మాట ఉంటది. దీనికోసం డేట్ పోగొట్టుకుంటామా?” అన్నాడు. అతని మాట కొట్టిపారేయదగింది కాదు. అటువంటి పాఠాంతరాలు నేనూ ఎన్నో విన్నాను. హిమబిందు మాత్రం, “ఆమెను అడిగితే ఏం పోద్ది?” అంది.

మర్నాడు ముగ్గురం వెళ్లాం. వీడియోలో ముందు వరసలో పెదవులు కదుపుతున్న ఆమె ముఖం చూపించగానే బడి దగ్గర అంగడివాళ్లు గుర్తుపట్టారు. ఆమె పేరు పెంచలమ్మ. రొయ్యల గుంటల దగ్గర సరుకు ఏరే షెడ్డులో ఉంది. చేతులు కడుక్కుని వచ్చి, మేం చెప్పిందంతా నిలబడే విన్నది.

“మేం కట్టిన పాటే అది,” అంది. “పక్కనున్న వరి కయ్యను రొయ్యల గుంట చేసినారు. దాని గట్టు తెగి ఉప్పునీళ్లు మా నాట్ల మీదికి వచ్చినాయి. పైరు పోయినాక మాకు ఈడ పనేముంది? నాట్ల ముఠాతో దొరవారిసత్రం పక్కకు పోయినాం. ఆడ పాడుకున్నాం.”

మీరొక్కరే కట్టారా అని అడిగాను.

“నేను ఒక ముక్క అంటే శేషమ్మ ఇంకో ముక్క అనేది. ఆమె పోయి మూడేండ్లయింది. పేరు రాస్తే ఇద్దరివీ రాయండి, లేకుంటే వద్దు.”

తర్వాత హిమబిందు వైపు తిరిగి, “గొంతు బాగుంది పాపా. పైరు పోయిందని మేం ఏడిస్తే నువ్వు ఎగురుతా పాడినావు. అందుకే నవ్వు వచ్చినాది,” అంది. ఆ మాటలో కోపం లేదు. హిమబిందు మాత్రం కారెక్కే దాకా తల ఎత్తలేదు.

దారిలో మస్తాన్ అప్పటికే అయిపోయిన పనులు ఏకరువు పెట్టాడు. పోస్టర్లు అతికించారు, విడుదల సభకు హాలు మాట్లాడారు. చెన్నై నుంచి ఒక కార్యక్రమాల నిర్వాహకుడు ఆ రోజే వింటానని మాటిచ్చాడు. విడుదలయ్యాక సరిదిద్దుకోవచ్చు గదా అని చివరికి అడిగాడు. తప్పు పాఠం ఒకసారి బయటికెళ్తే జనం నోట అదే నిలుస్తుందని, పైగా ఫారంలో నేను రాసింది అబద్ధమని తెలిశాక దాన్ని అలా వదలలేనని చెప్పాను. “మీరు ముందే అడిగుండాల్సింది సార్,” అన్నాడు. నిజమే.

హిమబిందు తేల్చేసింది. ఆ మాటలతో ఇక పాడనంది. ఆ రాత్రే ఆల్బం వెనక్కి తీసుకుంటున్నట్టు డిస్ట్రిబ్యూటరుకు రాశాను.

పల్లవి ఒక్కటి మార్చి అతికిద్దామని మొదట ప్రయత్నించాం. కుదరలేదు. ‘గట్టు తెగినాదే’ అన్న మాట ఆ వేగంలో ఎగతాళిలా వినపడింది. డ్రమ్స్ తీసేసి, నడక తగ్గించి, పాట మొత్తం కొత్తగా రికార్డు చేశాం. హాలు వాళ్లు తేదీ మార్చడానికి ఒప్పుకోలేదు కాబట్టి ఆల్బం లేకుండానే సభ జరిగింది. చెన్నై ఆయన రాలేదు. మస్తాన్ చాలాకాలం నాతో పనివరకే మాట్లాడాడు.

రెండు నెలలు ఆలస్యంగా ఆల్బం వచ్చింది. రచయితల గడిలో పెంచలమ్మ, శేషమ్మ పేర్లున్నాయి. మిగతా ఏడింటితో పోలిస్తే ఆ పాటను విన్నవాళ్లు తక్కువ. కార్యక్రమాల్లో దానికి ఎవరూ గంతులేయడం లేదని, మధ్యలో కొందరు టీకి లేచి పోతున్నారని మస్తానే చెప్పాడు. అయినా పాటల వరస నుంచి దాన్ని తీసేయలేదు. పెంచలమ్మకు ఫోనులో వినిపిస్తే, “శేషమ్మ ముక్క ఇంకా గట్టిగా పాడాల,” అంది.

మా వృత్తిలో ‘సంప్రదాయం’ అన్నది తరచూ సమాచారం కాదు, అడగకపోవడానికి పెట్టుకున్న పేరు. మిగిలిన ఆ ఏడాదీ జానపదం వచ్చినప్పుడల్లా ఆ గడి ఖాళీగా ఉంచి, ఎవరి దగ్గర విన్నారు, వాళ్లెక్కడున్నారు అని అడిగాకే నింపాను. ఎక్కువసార్లు ఎవరూ తేలలేదు. రెండుసార్లు, పాట కట్టిన మనిషి పక్క మండలంలోనే ఉన్నారు.