ఒక్క తేడా బాబాయి

మా బాబాయికి ఒక్కటే పిచ్చి. ఏ మాటైనా ఇద్దరిచేత అడిగించాలి. ఆ ఇద్దరికీ అన్నీ ఒకేలా ఉండాలి, తేడా ఒక్కటే ఉండాలి. ఎవరికేం జవాబొచ్చిందో చూడాలి. కాలేజీలో ఆయన చెప్పేది సమాజశాస్త్రం. "వివక్షని కొలవాలంటే ఇదేరా దారి" అంటాడు. కాలేజీతో ఊరుకుంటే బాగుండేది. ఇంట్లోనూ కొలుస్తాడు, అదీ మా ఖర్మ.

ఓ రోజు పొద్దున్నే ఆయనా నేనూ ఒకేరకం గ్లాసులు పట్టుకుని, ఒకే మాటతో పిన్నిని కాఫీ అడిగాం. నాకొచ్చింది, ఆయనకి రాలేదు.

"చూశావా? వయసుని బట్టి వివక్ష!"

"వయసు కాదు, మీరిప్పటికే రెండుసార్లు తాగారు" అంది పిన్ని.

"అయితే తేడాలు రెండయ్యాయి. ఈ పరీక్ష చెల్లదు" అంటూ గ్లాసు కడుక్కొచ్చి మళ్లీ నిలబడ్డాడు.

ఆ రోజుల్లోనే మా అక్క, మొగుడి నుంచి విడిపోయి, కూతురితో అద్దె ఇల్లు వెతుక్కుంటోంది. మా దగ్గరుండమంటే ఉండదు, పౌరుషం. బడి తెరిచేలోగా ఇల్లు దొరక్కపోతే పాపని హాస్టల్లో వెయ్యాలి. ఎక్కడికెళ్లినా "అయ్యో, నిన్ననే ఇచ్చేశామమ్మా" అనేవాళ్లే.

"నా మొహంలోనే ఏదో ఉంది బాబాయ్" అని భోరుమంది.

ఓదార్చాల్సిన పెద్దమనిషి "ఏ బట్టల్లో వెళ్లావు? ఏమని అడిగావు?" అని మొదలుపెట్టాడు. నాకు ఒళ్లు మండిపోయింది.

పిన్నీ అక్కా ఒకే బ్యాంకులో గుమాస్తాలు. పిన్నిని అవే ఇళ్లకి పంపాడు. అదే జీతం, అదే మాట, ఆఖరికి అక్క సంచే భుజానికి తగిలించాడు. ఒక కూతురుందని చెప్పమన్నాడు. తేడా ఒక్కటే, మొగుడున్నాడు. నిన్న ఇచ్చేసిన ఇళ్లన్నీ ఇవాళ ఖాళీ!

"మేం ఎవర్నీ తక్కువగా చూడమండీ" అన్నాడట చివరి ఇంటాయన. "మీవారు ఉంటారుగా?"

"ఉంటారు" అని నిట్టూర్చిందట పిన్ని.

మర్నాడు బాబాయి పిన్నినీ అక్కనీ నన్నూ వెంటేసుకుని ఆ ఇంటికే వెళ్లాడు.

"అయ్యా, వీళ్లిద్దరిదీ ఒకే ఉద్యోగం, ఒకే జీతం. ఈవిడకి ఉండి ఆవిడకి లేనిది నేనొక్కణ్ణే. నన్నోసారి తేరిపార చూడండి. ఇల్లిచ్చేంత గొప్ప ఏం కనబడుతోంది?"

ఇంటాయన చూశాడు. చొక్కాకి బొత్తాలు ఎగుడుదిగుడుగా ఉన్నాయి. కాళ్లకి రెండు రకాల చెప్పులు. పాపం, చాలాసేపు నిజాయితీగానే వెతికాడు. ఏమీ దొరక్క, తాళంచెవి తెచ్చి అక్క చేతిలో పెట్టాడు.

"దీనికింత తతంగమా బాబాయ్? ఆయన్ని బతిమాలుకుంటే పోయేదిగా" అంది అక్క దారిలో.

"ఇల్లు ఎలాగోలా దొరికేదేనే. నీ మొహంలో ఏమీ లేదని నేను ఊరికే చెబితే నమ్మేదానివా?"

అక్క ఆయన చెయ్యి పట్టుకుని నడిచింది.

ఇంటికి రాగానే పిన్ని అడక్కుండానే బాబాయికి కాఫీ తెచ్చింది. ఆయన అనుమానంగా నా వైపు చూశాడు.

"వాడికేదీ?"

"లేదు. మీకొక్కరికే."

ఎందుకని అడగలేదు మా బాబాయి. గటగటా తాగేశాడు.