సాయంత్రం ఆరింటికి కట్టిన చేతులు

రాయకోటలో బస్సు దిగేసరికి ఉదయం ఏడున్నర. తుంపర. కొండ మీది కోట మబ్బులో ఉంది. సంచిలో యాభై ఎం.ఎల్. సిరంజి, టేపు, స్టెతస్కోపు. పదిహేడేళ్లు సైన్యంలో నర్సింగ్ అసిస్టెంటుగా చేసి హోసూరు చేరిన మొదటి ఏడాది, రెండువేల రెండు. మా పాత సుబేదారు గారి ఇంట్లోనే ఉండి ఆయన్ని చూసుకునే నలభై రోజుల డ్యూటీ. మంచుకొండల్లో కూడా అంత ఒంటరిగా లేనంటే మీరు నవ్వుతారు.

ఆయనకు అరవై అయిదు దాటాయి. పక్షవాతంతో మాటా, మింగుడూ పోయాయి. చేతులు మాత్రం గట్టివే. ముక్కులోంచి పొట్టకు ట్యూబు. ముప్ఫై ఏళ్ల రమ్ము ఆసుపత్రిలోనే మానిపించారు. మందు మానిన వణుకు తగ్గి నెలయింది. అప్పటికే రెండుసార్లు ట్యూబు పీకేసుకున్నారు. మూడోసారి పీకితే పొట్టకు రంధ్రం పెట్టాలి, ఈ వయసులో బతకడం కష్టమని కృష్ణగిరి డాక్టరు చెప్పాడు.

మూడు గంటలకోసారి వడగట్టిన రాగిగంజి, రెండువందల ఎం.ఎల్. ముందు ట్యూబు పొట్టలోనే ఉందో లేదో సిరంజితో లాగి చూడాలి. తల ఎత్తే ఉంచాలి. పోశాక అరగంట పడుకోబెట్టకూడదు. నిమిషం తప్పలేదు నేను. అయినా సాయంత్రం ఆరయితే ఆయన చేయి ముక్కు దగ్గరికి పోయేది. మందు యావ అనుకున్నాను. రెండు మణికట్లూ కలిపి గుడ్డతో కట్టి, కొస మంచానికి ముడేశాను. పదకొండు రోజులు, ఆరు నుంచి ఏడు దాకా. ఆయన కళ్లలోకి చూడాలంటే సిగ్గేసేది.

పన్నెండో రోజు ఆయన భార్య గడపలో నిలబడి చూసింది.

"ఆ పొద్దుకు తాగేవాడప్పా. పక్కన కూర్చొని నేను బొరుగులు తినేదాన్ని. ఆ గంటే మేము మాట్లాడుకొనేది."

ఇప్పుడెందుకు రారని అడిగాను.

"తినలేనాయన ముందర ఎట్ల తినేది? పాపం గదా."

ఆ పాపానికి భయపడి ఇంటిల్లిపాదీ లోపల తలుపేసుకుని తినేవాళ్లు. నేనూ వరండాలోనే తినేవాణ్ణి. పోపు వాసన వచ్చేది, మనిషి వచ్చేవాడు కాడు.

కట్టు విప్పాను. ఆమెను బొరుగులతో కూర్చోబెట్టాను. ఆవు ఈనిన సంగతి చెబుతూ ఆమె తింటోంది. ఆయన చేయి ఆమె ఒడిలో ఆగింది. మళ్లీ ట్యూబు జోలికి పోలేదు.

నలభయ్యో రోజు సాయంత్రం ఆరున్నర బస్సుకు హోసూరు తిరిగొచ్చాను. సరిహద్దులో చూసినవి చాలా మరిచిపోయాను. సెలవు తీసుకోవడానికి మంచం దగ్గరికి వెళ్లినప్పుడు, భార్య పక్కనే ఉండగా, సుబేదారు గారు ఆరయిన గోడ గడియారం చూసి, కట్టమన్నట్టు రెండు మణికట్లూ కలిపి నా ముందుకు చాచారు. అది మాత్రం మనసులోంచి పోలేదు.