ప్రొఫెసర్ మెతోది గారికి ఒక సలహా కావాలి

మా అపార్ట్‌మెంటులోనే ఉండే మెతోది గారికి ఒకటే జబ్బు, సలహా అడగడం. మా ప్లోవ్‌దివ్ నగరంలోని విశ్వవిద్యాలయంలో మనస్తత్వశాస్త్రం చెప్పి, మనుషులు ఇంకాస్త సుఖంగా బతకడమెలాగని జీవితమంతా పరిశోధించిన పెద్దమనిషి. అలాంటాయన గొడుగు ఏ చేత్తో పట్టుకోవాలో పక్కింటివాళ్ళను అడగందే గడప దాటరు.

రొట్టెల కొట్టులో ఆయన వెనక నిలబడ్డామా, ఆ పూటకి పస్తే.

"స్తానిమీరా గారూ, ఈ రొట్టె మంచిదా, ఆ రొట్టె మంచిదా?"

"రెండూ ఒకే పొయ్యిలోవి ప్రొఫెసర్ గారూ."

"అలాగా! మీరైతే ఏది తింటారు?"

వరుసంతా ఉస్సురంటుంది. కొట్టు స్తానిమీరా మాత్రం ఏప్రన్‌కి చేతులు తుడుచుకుని రొట్టెల మీద ఉపన్యాసం మొదలుపెడుతుంది. ఎంతైనా అడిగింది ప్రొఫెసర్ కదా!

ఒకసారి నేను రెండు చేతులా సంచులు మోసుకుంటూ మెట్లెక్కుతుంటే ఆపారు. "జ్లాత్కమ్మా, ఈ మీసం ఉంచనా, తీసేయనా?"

"తల తీసేయండి, పీడా పోతుంది," అన్నాను. ఆయన నిజంగానే ఆలోచించారు.

నాకు ఆ రోజుల్లో సరసాలాడే ఓపిక లేదు. మా ఆయన చవ్దార్ రైల్వే క్యాంటీన్లో పెద్ద వంటవాడిగా చేసి రిటైరయ్యాడు. చలికాలంలో గుండె ఆపరేషన్ అయింది. రోజూ నడవాలి, ఇలాగే కూర్చుండిపోతే ఈసారి నా చేతుల్లో ఉండదు అని డాక్టరమ్మ గట్టిగానే చెప్పింది. ఈయన కిటికీ పక్కన కుర్చీలో కూర్చున్నవాడు కూర్చున్నట్టే ఉన్నాడు. బతిమాలాను, తిట్టాను, ఏడ్చాను. "నా పనైపోయిందే," అంటాడు, అంతే. విసుగొచ్చి చచ్చాను. పైగా ఆ వేసవంతా వంట నాది. నా వంట నేనే తినడం ఇంకో శిక్ష.

చివరికి మెతోది గారి తలుపు కొట్టాను. "మనసుల సంగతి చదివినవారు. వచ్చి మా ఆయనకు నాలుగు మంచి మాటలు చెప్పండి."

"చెప్పనమ్మా. అవన్నీ ఈపాటికి అందరూ చెప్పేసుంటారు," అన్నారు. "అది సరే, మిరపకాయలు కాల్చాలంటే మంట ఎంతుండాలి?"

ఆయన తలుపు ఆయన ముఖం మీదే వేసి వచ్చేశాను.

సెప్టెంబరు వచ్చింది. మా దగ్గర సెప్టెంబరంటే ల్యూతెనిత్స, కారం లేని, కండగల పెద్ద ఎర్ర మిరపకాయలు కాల్చి చేసే పచ్చడి. ప్రతి అపార్ట్‌మెంటు వాకిట్లోనూ పొయ్యిలు వెలుగుతాయి, ఒకరి పచ్చడిని ఒకరు చచ్చినా మెచ్చుకోరు. ఆ ఆదివారం మెతోది గారు సరిగ్గా మా కిటికీ కింద పొయ్యి పెట్టారు. కాయల్ని బొగ్గుల్లా మాడ్చారు. ఆ తరువాత, దేవుడా, కుళాయి తిప్పి నీళ్ళ కింద పొట్టు కడగడం మొదలుపెట్టారు! కాల్చిన కాయను కడిగితే రుచీ, ఆ కమ్మటి పొగవాసనా అన్నీ తూములోకే పోతాయి. ఇది మా ఊళ్ళో పసిపిల్లలకు కూడా తెలుసు.

నా వెనక కుర్చీ కిర్రుమంది.

"ఏయ్ ప్రొఫెసరూ! కడుగుతావేంటయ్యా! ఆపు!"

"కడగకూడదా చవ్దార్ గారూ? మరెలా?"

"గిన్నెలో వేసి మూత పెట్టు! ఆవిరికి పొట్టు దానంతటదే ఊడుతుంది!"

"ఈ గిన్నెలోనా?" అంటూ చిల్లుల జల్లెడ ఎత్తి చూపించారు.

"నీ చదువు తగలెయ్యా! ఉండు, నేనొస్తున్నా!"

మూడంతస్తులు. ఇంట్లో వేసుకునే చెప్పులతోనే, కమ్మీ పట్టుకుని, మెట్టు మెట్టుకీ ఆయన్ని తిట్టుకుంటూ దిగాడు. వెనకే నేను, ప్రాణాలు అరచేతిలో పెట్టుకుని.

సాయంత్రానికి మా ఆయన కాగులో తెడ్డు వేసి కలుపుతూ వాకిలంతటికీ హుకుములు జారీ చేస్తున్నాడు. ఖాళీ సీసాల కోసం నేను గోడ వెనక్కి వెళ్తే, అక్కడ మెతోది గారు ఒక్కరే కూర్చుని కాయలు ఒలుస్తున్నారు. ఒక్క లాగుకి పొట్టు మొత్తం చేతిలోకి వచ్చేస్తోంది, నీటిచుక్క తగలకుండా.

"అయితే మీకు వచ్చన్నమాట!"

"ష్! మా అమ్మ బజార్లో ఈ పచ్చడి అమ్మే నన్ను చదివించింది," అన్నారు గొంతు తగ్గించి. "మా పరిశోధనల్లో ఏళ్ళ తరబడి చూసిందొకటేనమ్మా. కుంగిపోయినవాడికి సలహా చెబితే ఇంకా కుంగుతాడు. సలహా అడిగితే లేచి కూర్చుంటాడు. అందరూ కాదులెండి, చాలామంది."

నాకు ఆయన్ని తిట్టాలో దండం పెట్టాలో తెలియలేదు. ఇంతలో కాగు దగ్గర్నుంచి కేక వినబడింది.

"ఏమయ్యా ప్రొఫెసరూ, ఈ కాయలు ఎవడు కొన్నాడు? అంతా తోలే, కండ లేదు!"

"నేనే కొన్నాను. మోసపోయానా?"

"నిలువునా! రేపు పొద్దున్నే నాతో బజారుకి నడువు. కాయ ఎలా ఎంచాలో చూపిస్తా." అంతలోనే నా వైపు తిరిగాడు. "ఏమే, నా బూట్లెక్కడ పెట్టావ్?"

మంచం కింద ఉన్నాయి, దుమ్ము కొట్టుకుని. నడుం విరిగిపోతున్నా ఆ మూడంతస్తులూ ఎక్కి వెళ్ళి, వాటిని తుడిచి, మొనలు వీధివైపు తిప్పి గుమ్మంలో పెట్టాను.